కొయ్య యవనులు - లక్క రంగులు



ఈ సాయంకాలము నేను విన్నవింపబోవు విషయము విని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. పంటలు, ఎరువులు, ధరవరలు మొదలగువానిని గూర్చి నాలుగు మాటలు విందమని కూర్చున్నవారికి, మూడంగుళముల యెత్తు గల కొయ్య సిపాయిలకు రంగులు వేయు విధానమును చెప్పెదనన్న, ఇది పిల్లల ముచ్చటవలె దోచుట సహజము. నేను చాలకాలము విశాఖపట్టణ ప్రాంతమున బడిపంతులుగా పనిచేసి, చరిత్ర పాఠములు చెప్పి విరమించుకొన్నవాడను. విరమించిన పిమ్మట ఒక గ్రామ పాఠశాలకై ప్రాచీన యవనుల సైన్యమునొక దానిని కొయ్యతో చేయించి, దానికి నా చేతులతో రంగులు వేసితిని. ఆ పనిలో నేను నేర్చుకొన్న సంగతులు కొన్ని చరిత్రకు, కొన్ని చేతిపనికి, కొన్ని మన పొలముగట్లకు సంబంధించినవి. అందుచేత కొంచెము ఓపికతో వినవలెనని ప్రార్థన.

బొమ్మల సైన్యము మనకు కొత్త కాదు. సంక్రాంతికో దసరాకో బొమ్మలకొలువు పెట్టు ఇండ్లలో ఏనుగు అంబారి, గుఱ్ఱపు రౌతు, బల్లెము పట్టిన బంటు తప్పక ఉందురు. కొండపల్లివారు తెల్లపొణికి కొయ్యతో చేసి పంపిన బంట్లను మన అమ్మమ్మలు పెట్టెలలో గుడ్డలు చుట్టి దాచి, ఏడాదికొకసారి బయటకు తీసెడివారు. దేశాంతరములలోనైన ఈ ముచ్చట మఱింత ప్రాచీనము. ఐగుప్తు దేశములో అస్యూతు అను ఊర మెసెహ్తి అను అధికారి సమాధియందు, సుమారు నాలుగువేల ఏండ్ల నాటి కొయ్య సైనికుల గుంపులు రెండు దొరకినవి. ఒక గుంపున 40 మంది ఈటెలవారు, రెండవదానిలో 40 మంది విలుకాండ్రు. నలుగురేసి వరుసలు కట్టి నడచుచున్నట్లు వారిని పలకలమీద నిలిపినారు. ఇవి కైరో నగరపు వస్తుప్రదర్శనశాలకు చేరినవి. ఆ ఈటెలవారి డాళ్లు ఆవుతోలు మచ్చలవలె చిత్రింపబడి, ఒకదానివలె ఒకటి లేకుండుట విశేషము. నాలుగువేల ఏండ్ల క్రిందటనే ఒకానొక చిత్రకారుడు కూర్చుండి ఒక్కొక్క డాలుకు వేఱువేఱుగా మచ్చలు పెట్టినాడన్నమాట.

ఐరోపాలో తగరముతోను సీసముతోను సిపాయి బొమ్మలు పోతపోయుట పరిశ్రమగా పెరిగినది. లండను నగరమున 1893వ సంవత్సరములో బ్రిటన్ అను వారి కుటుంబము లోపల డొల్లగానుండు సీసపు సిపాయిలను పోయుట మొదలుపెట్టి, ఆ వస్తువును చౌక చేసినది. హెచ్. జి. వెల్స్ అను ప్రసిద్ధ గ్రంథకర్త అట్టి సిపాయిలతో నేలమీద యుద్ధక్రీడ నడపు పద్ధతిని నిర్ణయించి 1913లో ఒక పుస్తకమునే వ్రాసెను. ఆ తరువాతి సంవత్సరమే నిజమైన మహాయుద్ధము వచ్చి పడినది. సీసపు బొమ్మలలో ఒక దోషము కలదు. సీసము విషము. పిల్లలు బొమ్మను నోట పెట్టుకొందురు; ఆ విషము కొంచెము కొంచెముగా లోపల చేరి వారి మెదడు ఎదుగుదలను చెఱచును. కావున నేను కొయ్యనే కోరితిని.

ఇక యవనులెవరు? గ్రీసు దేశస్థులను మన పూర్వులు యవనులనిరి. క్రమముగా ఆ మాట పడమటి సముద్రము దాటి వచ్చిన వారందఱికిని చెల్లినది. మన శాతవాహన చక్రవర్తి గౌతమీపుత్ర శాతకర్ణిని ఆయన తల్లి గౌతమీ బలశ్రీ నాసిక శాసనమున శక, యవన, పహ్లవులను నిర్మూలించిన వానిగా కీర్తించినది. విశాఖపట్టణమునకు దాపున, భీమునిపట్టణమునకు పోవు సముద్రతీరపు దారిలో తొట్లకొండ కలదు. అచ్చటి బౌద్ధారామమును 1988 మొదలు 1993 వఱకు త్రవ్వగా శాతవాహనుల సీసపు నాణెములతోబాటు రోమకుల వెండి నాణెములును బయటపడినవి. అనగా ఈనాడు ఓడలు నిలుచు ఈ తీరమునకు, రేవు కట్టక పూర్వమే, పడమటి దేశపు సొమ్ము వచ్చి చేరుచుండెను. విశాఖ రేవు 1933లో తెఱవబడినది. ఆ కొండమీది భిక్షువులు సముద్రమును చూచినది దానికి ఎన్నో శతాబ్దములు ముందు. కావున యవనుని బొమ్మ మన పిల్లల ముందు నిలుచుట పరాయి ముచ్చట కాదు.

నేనెన్నుకొన్నది మరి ప్రాచీనమైన కాలము. పారసీక చక్రవర్తి క్షయార్షుడు గ్రీసుపై దండెత్తిన క్రీ. పూ. 480వ సంవత్సరమును, మఱుసటి యేడు ప్లాటియా అను చోట జరిగిన పెద్ద యుద్ధమును మనసున బెట్టుకొంటిని. ఆనాటి యవన పదాతి చేతిలో గుండ్రని డాలుండెను. అది కొయ్యతో గిన్నెవలె పుటముగా తీర్చి, పైన కంచు రేకు తొడిగినది. అడ్డముగా సుమారు మూడడుగులు. కుడిచేత ఏడెనిమిది అడుగుల ఈటె. కొన ఇనుపది, మడమ కంచుది. తలకు కంచు శిరస్త్రాణము, దానిపై గుఱ్ఱపు వెండ్రుకల తురాయి. కాళ్లకు కంచు జంఘాత్రాణములు. ఒంటికి కంచు కవచమో, లేక నారబట్టను పొరలు పొరలుగా చేర్చి కుట్టిన కవచమో ఉండెడిది. ఇట్టివారు భుజమును భుజము తాకునట్లు వరుసకట్టి, సాధారణముగా ఎనిమిది వరుసల లోతున నిలిచి నడచువారు.

ఈ కొలతలను బట్టి బొమ్మను నిర్ణయించితిని. ఆరడుగుల మనిషి మూడంగుళముల బొమ్మ కావలెనన్న, ఇరువది నాలుగింట ఒక వంతు. అప్పుడు మూడడుగుల డాలు అంగుళమున్నర. ఎనిమిదడుగుల ఈటె నాలుగంగుళములు. వరుసలో ఒక్కొక్కనికి మూడడుగుల చోటు విడిచినచో బొమ్మకు అంగుళమున్నర. ఎనమండుగురు పక్కపక్కన నిలుచుటకు సరిగా ఒక అడుగు పలక చాలును. ఎనిమిది వరుసలకు ఎనమండుగురేసి అరువది నలుగురు. పిల్లలకు ఈ లెక్క చెప్పి వారిచేతనే కట్టించినచో, త్రైరాశికము వేఱుగా నేర్పవలసిన పని యుండదు.

బొమ్మలు తీయించుటకు ఏటికొప్పాకకు పోతిని. ఈ గ్రామము వరాహనది యొడ్డున నున్నది. పూర్వము విశాఖపట్టణము జిల్లాలోనిది. 2022వ సంవత్సరమున జిల్లాలు విడదీసినప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. అచ్చటి లక్క బొమ్మల పేరు మీరందరు వినియే యుందురు. అంకుడు కొయ్యను ఎండబెట్టి, ముక్కలు కోసి, తరిమెన పట్టి, ఉలితో గుండ్రముగా తీర్చి, తిరుగుచుండగనే లక్క రంగు నంటింతురు. పూర్వము ఒకరు తాడు లాగి త్రిప్పుచుండగా మఱియొకరు ఉలి పట్టెడివారు. ఇప్పుడు విద్యుచ్ఛక్తి మోటారు త్రిప్పుచున్నది. చేతి ఒడుపు మాత్రము ఆనాటిదే.

ఆ పనిని చూచుట ఒక సంబరము. లక్క యనగా ఏమో మీకు తెలియనిది కాదు. రేగు, మోదుగు మొదలగు చెట్ల కొమ్మలపై సన్నని పురుగులు పెట్టు జిగట పదార్థము. దానిని శుభ్రముచేసి, కాచి, మెత్తనై యుండగా రంగుపొడిని చేర్చి, పిండిని మర్దించినట్లు మర్దించి, సాగదీసి, కడ్డీలుగా చేయుదురు. తిరుగుచున్న కొయ్యకు ఆ కడ్డీని ఒత్తిపట్టినచో రాపిడి వేడికి లక్క కరగి కొయ్యను పట్టుకొనును. కుంచె లేదు, నూనె లేదు, ఆరబెట్టుట లేదు. వెంటనే మొగలి ఆకును ఒత్తిపట్టి రుద్దగా అద్దమువలె మెఱయును.

నాకు బొమ్మలు తీసిన పనివాడు వయసు చెల్లినవాడు. నేను గీసి తెచ్చిన బొమ్మను చేత బట్టుకొని చాలసేపు చూచి, "ఏ రాజుగారి సిపాయిలు బాబూ ఇవి?" అని యడిగెను. యవనులని, రెండువేల అయిదువందల ఏండ్ల క్రిందటివారని చెప్పితిని. "అలాగా! మా తాతల నాటి బొమ్మల్లో ఇలాటి టోపీ లేదు. పోనీండి, కొలతలు రాసి ఇవ్వండి, మిగతాది ఉలి చూసుకుంటాది" అనెను. తల, శిరస్త్రాణము, మొండెము, కాళ్లు కలిపి ఒకే కొయ్యలో తీర్చి, చేతులు రెండును వేఱుగా తీసి, చీలలతో తగిలించుట మంచిదని ఆయనయే నిర్ణయించెను. డాలును చిన్న గరిటె గిన్నెవలె తొలిచెను. నిజమైన యవనుల డాలు కూడ తరిమెన పట్టిన గిన్నెవలె నుండెడిదని చెప్పగా ఆయన ముఖమున కనబడిన సంతోషము నేను మఱువజాలను. "అయితే మావోళ్లు అక్కడా ఉన్నారన్నమాట" అనెను.

ఇక రంగుల సంగతి. ప్రాచీన గ్రీసు శిల్పములను మనము పటములలో తెల్లని పాలరాతి బొమ్మలుగా చూచుచున్నాము. వాస్తవమునకు వానికి రంగులుండెడివి. కాలము వానిని కడిగివేసినది. సీదోను అను పట్టణమున 1887లో బయల్పడి, ఇస్తాంబులు ప్రదర్శనశాలకు చేరిన శవపేటిక యొకటి కలదు. అలెగ్జాండరు చక్రవర్తి యుద్ధము దానిమీద చెక్కబడినందున దానికి ఆయన పేరు వచ్చినది. దానిమీద ఎఱుపు, పసుపు, నీలము, ఊదా రంగుల జాడలు ఇంకను మిగిలియున్నవి. గ్రంథస్థమైన సాక్ష్యమును కలదు. స్వయముగా సేనానియైన జెనొఫన్ అను చరిత్రకారుడు స్పార్టావారి ఎఱ్ఱని వస్త్రమును, కంచు డాలును పేర్కొనినాడు. కావున నా బొమ్మలకు ప్రధానముగా మూడు వర్ణములు కావలసివచ్చినవి: ఎఱుపు, కంచువన్నె, నలుపు. నారబట్ట కవచములవారికి వెలిసిన తెలుపు.

వీనిని బజారు డబ్బాలలో కొనుట సులువు. కాని ఏటికొప్పాకలో ఈ విషయమున ఒక చరిత్ర జరిగినది. మధ్యకాలమున రసాయనపు రంగులు చౌకగా దొరకి, పూర్వపు ఆకుల, వేళ్ల రంగులను వెనుకకు నెట్టినవి. పసుపు, ఎఱుపు వన్నెల రసాయన రంగులు కొన్నింటిలో సీసము కలియును. కొయ్య బొమ్మయైనను రంగు విషమైనచో ప్రయోజనమేమి? అప్పుడు ఆ గ్రామస్థులైన శ్రీ సి. వి. రాజుగారు పాత పద్ధతులను వెదకి, గింజలు, బెరడులు, వేళ్లు, ఆకులనుండి రంగులు తీసి లక్కలో కలుపు విధానమును పనివారిచేత మరల పట్టించిరి. ఆ పనికి ప్రభుత్వమువారు 2023లో పద్మశ్రీ బిరుదమునిచ్చి గౌరవించిరి. అంతకు పూర్వము 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించినది. 2025 జనవరి 26వ తేదీన ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవపు ఊరేగింపున ఆంధ్రప్రదేశ్ శకటము ఈ బొమ్మలతోనే నడచినది.

నేనును ఆ త్రోవనే పోయితిని. పసుపుకొమ్ము పసుపువన్నెనిచ్చును. జాఫ్రా గింజలు నారింజవన్నెనిచ్చును. మంజిష్ఠవేరు, లక్క పురుగునుండియే దిగు రంగు ఎఱుపు. నీలిమందు నీలము. పసుపును నీలిని కలిపినచో ఆకుపచ్చ. కరక్కాయ కషాయములో ఇనుప తుప్పు నానవేసినచో నల్లని రంగు దిగును. మన పెద్దలు సిరా చేసికొన్నది ఈ త్రోవనే. పసుపునకు ఒక లోపము: ఎండ తగిలినచో వెలిసిపోవును. కావున బొమ్మలను కిటికీ కడ నుంచరాదు.

కంచువన్నెకు లోహపుపొడి వాడనక్కరలేదని అచ్చట తెలిసికొంటిని. పసుపురంగు లక్కను పలుచగా ఎక్కించి, దానిపై కాచువన్నె లక్కను ఇంకను పలుచగా తాకించినచో, అడుగు కొయ్య తెలుపు లోపలినుండి వెలుగుచు, తోమిన కంచుచెంబువలె కనబడును. లక్క పారదర్శకమగుటచే ఈ లాభము. శిరస్త్రాణము, డాలు, జంఘాత్రాణములు తరిమెనమీదనే ఈ వన్నె పొందినవి. ముఖము, చేతులు, అంగీ మాత్రము రంగంటని వట్టి కొయ్యగా విడువవలసినదని పనివానిని కోరితిని, అవి కుంచెపని.

కుంచెపనిలో తెలిసికొనవలసిన కిటుకొకటి కలదు. సారాయి సత్తులో కరిగించిన లక్కతో రంగు కలిపి పూసినచో, అది అడుగున నున్న లక్కను కూడ కరిగించి అలుకుడు చేయును. అందుచేత రంగులను తుమ్మబంక నీళ్లలో కలుపుకొని, వట్టి కొయ్యపై పూసి, బాగుగ ఆరిన పిమ్మట పైన ఒక్కమాఱు పలుచని లక్క వార్నీషు తేలికగా పూయవలెను. తుమ్మబంక సారాయి సత్తునకు కరగదు గాన రంగు చెదరదు. రెండవ కిటుకు: ఒక సిపాయిని పూర్తిచేసి రెండవవానిని పట్టరాదు. అరువది నలుగురికి ముందు దేహచ్ఛాయ, పిదప అందఱికి అంగీ ఎఱుపు, పిదప అందఱికి గడ్డము నలుపు. ఇట్లు వర్ణమునుబట్టి నడువవలెను. నాట్లు వేయు కూలీలు మడి వెంబడి వరుసగా పోవుదురే గాని, ఒక్క మొక్కను నాటి, దానికి నీరుపెట్టి, కలుపుతీసి, రెండవ మొక్కకు పోరు గదా! కన్నులు చిట్టచివరకు పెట్టవలెను. కన్నులు పెట్టినంతనే బొమ్మ మనల చూచును. తరువాత దానిపై చేయి సాగదు.

ఈటెలు కొబ్బరి ఈనెలు. తురాయిలు కొబ్బరిపీచు, మంజిష్ఠలో ముంచినది. డాళ్లమీది చిహ్నములను పిల్లలకు విడిచిపెట్టితిని. పూర్వకాలమున యవనులు డాళ్లమీద తమకు తోచిన గుర్తులను, జంతువులను చిత్రించుకొనెడివారు. మా పిల్లలు నెమలిని, తేలును, చేపను, తాటిచెట్టును వ్రాసినారు. ఒకడు ఓడలంగరు వ్రాసినాడు. వాని తండ్రి రేవులో పనిచేయును. చరిత్రకు ఇది సరిపోదని నేననలేదు. ఐగుప్తు చిత్రకారుడు ఆవుమచ్చలు పెట్టినప్పుడు ఎవరిని అడిగెను?

యవనులకు ఎదుటిపక్షము కావలెను గదా! పారసీకుల సేనలో మనదేశపువారును కలరని హెరొడోటసు అను చరిత్రకారుడు వ్రాసెను. సింధునదీ ప్రాంతపు ఆ భారతీయులు నూలుబట్టలు కట్టి, గడకఱ్ఱ విండ్లను, ఇనుపమొన గల బాణములను ధరించి క్షయార్షుని వెంట నడచిరట. ప్లాటియా పోరునందును వారు నిలిచిరి. కంచు మెఱపుల యెదుట తెల్లని నూలుబట్టలతో ఎనమండుగురు విలుకాండ్రను నిలిపితిని. వారికి పూసిన రంగు అతిస్వల్పము. సుద్దతెలుపు, దేహచ్ఛాయ, అంతే. పిల్లలు ఆ బొమ్మలనే ముందుగా చేతులలోకి తీసికొనిరి.

పలకమీద సైన్యము నిలిచిన దినమున నేనొక చిన్న పరీక్ష చూపించితిని. యవనుని డాలు ఎడమచేతిది. అది తన యెడమ సగమును కాచి, మిగిలిన అంచుతో ఎడమపక్కవాని కుడి సగమును కాచును. కావున ప్రతివాడును తన కుడిపక్కన నున్నవాని డాలు చాటున బ్రదుకును. తుసిడిడీసు అను చరిత్రకారుడు దీనిని గూర్చి ఒక వింత సంగతి చెప్పినాడు. యుద్ధమునకు నడచునప్పుడు ప్రతివాడును భయముచే కుడిపక్కవాని డాలుకు మఱికొంత దగ్గఱగా జరుగునట. అందుచే సైన్యము మొత్తము కుడివైపునకు వాలిపోవునట. క్రీ. పూ. 418లో మంటినియా యుద్ధమున నిట్లే జరిగినది. నడిమి వరుసనుండి ఒక బొమ్మను తీసివేసి, "ఇప్పుడెవ్వరికి అపాయము?" అని యడుగగా, పిల్లలు వెంటనే ఎడమపక్కవానిని చూపిరి. పాఱిపోయినవాని కంటె ముందు వాని పొరుగువాడు చచ్చునని వారికి వేఱే చెప్పనక్కరలేకపోయెను.

అయినను ఈ యవనులను కేవలము పొగడుట నా యుద్దేశము కాదు. పరాయివానిని తఱిమిన యీ ఆథెన్సు, స్పార్టా నగరములే క్రీ. పూ. 431 నుండి 404 వఱకు ఒకరినొకరు నాశము చేసికొన్నవి. పలనాటి కథయు, 1757లోని బొబ్బిలి కథయు ఎఱిగిన మనకు దీనిని విడమఱిచి చెప్పనేల? ఇంతకంటె నొప్పి కలిగించు సంగతి మఱియొకటి కలదు. ప్లాటియాలో స్పార్టా పౌరులు 5,000 మంది నిలిచిరని, ఒక్కొక్కని వెంట ఏడుగురు హెలటులుండిరని హెరొడోటసు లెక్క చెప్పెను. హెలటులనగా స్పార్టావారి పొలములు దున్ని, పంటలో భాగము చెల్లించి, స్వేచ్ఛ లేక బ్రదికిన బానిసకర్షకులు. వారు మొత్తము 35,000 మంది. యుద్ధము ముగిసిన పిదప స్పార్టావారు తమ పౌరులను వేఱుగను, హెలటులను వేఱుగను పాతిపెట్టిరి.

నేనీ లెక్క చెప్పుచుండగా అయిదవ తరగతి చదువు బాలిక యొకతె వ్రేళ్లమీద గుణించి, "అరవై నలుగురికి నాలుగువందల నలభై యెనిమిది మంది. వాళ్లేరీ మాస్టారూ?" అని యడిగినది.

వారిని చేయించవలె నన్నచో ఏడు పలకలు కావలెను. మరల ఏటికొప్పాకకు పోయి, ఒక్క సిపాయికి చాలినంతమందిని, అనగా ఏడుగురిని తీసిపెట్టుమని కోరితిని. శిరస్త్రాణము లేదు, కవచము లేదు. చేత చిన్న బరిసె యొకటి. "వీళ్లకేం రంగు బాబూ?" అని పనివాడడిగెను. "రంగక్కరలేదు, వట్టి కొయ్యగా నుండనిండు" అంటిని. ఆయన ఒప్పుకొనలేదు. "అంకుడు మెత్తని కఱ్ఱ బాబూ. లక్క లేకపోతే పురుగు పడతాది. సిపాయిలు నిలబడి, వీళ్లు పొడైపోతారు. రంగు వద్దంటే వద్దు గాని, వట్టి లక్కయినా పట్టించాలి" అని, ఏడుగురికిని నిర్వర్ణమైన లక్కను సిపాయిలకు పట్టించినంత శ్రద్ధగా పట్టించి, మొగలి ఆకుతో మెఱుగుపెట్టి యిచ్చెను. దానికి వేఱుగా కూలి అడుగలేదు. నేను బలవంతముగా ఇచ్చితిని.

ఆనాడే ఆయన తన కుటుంబపు సంగతి చెప్పెను. కుమారుడు పట్టణమున కర్మాగారపు పనికి పోవుచున్నాడట. "నెల తిరిగేసరికి జీతం చేతికొస్తాది. ఇక్కడ కఱ్ఱ దొరికిన రోజు పని. దొరకనినాడు చేతులు ముడుచుకు కూకోవడం. వాణ్ణి ఉండమనడానికి నాకు నోరెలా వస్తాది?" అనెను. ఆయన మాట న్యాయమైనది. విశాఖపట్టణమున రేవు, ఉక్కు కర్మాగారము, ఓడల నిర్మాణము వేలకొలది సంసారములకు అన్నము పెట్టినవి. ఏ తండ్రియు తన కొడుకును పస్తుంచి పూర్వవిద్యను నిలుపవలెనని నేననను. కాని కఱ్ఱ దొరకకపోవుటకు మందు కలదు.

పెద్దలారా, నేటి నా విన్నపము ఈ మందును గూర్చియే. అంకుడు ఏ దేశమునుండియో తేవలసిన చెట్టు కాదు. మన కొండవాలులలోను, గుట్టలమీదను, ఎండు భూములలోను తానే పెరుగును. నఱికిన మోడునుండి మరల చిగిర్చి కొమ్మలు వేయును. కావున వేరు పెకలింపక, మోడు విడిచి, వంతులవారీగా కొమ్మలు కొట్టుకొన్నచో ఒక చెట్టు చాలమారులు కఱ్ఱనిచ్చును. వంటచెఱకునకై మొదలంట నఱికి, వేళ్లు త్రవ్వి తీయుటచేతనే నష్టము. మీ మీ గ్రామములలో బంజరులును, పోరంబోకు గుట్టలును, చెఱువుగట్లును ఉండును. పంచాయతీలో ఒక తీర్మానము చేసి, వానలు పడగానే కొన్ని వరుసలు అంకుడు నాటించుట, అయిదారేండ్లు మేకలను దూరముగా నుంచుట, మీ చేతిలోని పనులు. దానికి గొప్ప ధనము కావలసిన పని లేదు. పంట పొలమును పోగొట్టుకొననక్కరయు లేదు.

రెండవది, బొమ్మలు కొను విషయము. పండుగకు పిల్లలకు ఏదో యొకటి కొనక తప్పదు. కొనునప్పుడు రంగును గూర్చి అడుగుడు. ఏ రంగు, ఎందులోనుండి తీసినది అని అడిగినచో మంచి పనివాడు సంతోషముగా చెప్పును. నోట పెట్టుకొను పసివారి చేతికి మెఱుపు రంగుల చవుక వస్తువును ఇయ్యకుడు.

మూడవది, మీ పాఠశాలలలో ఇట్టి సైన్యమునొకదానిని మీరే చేయించుడు. యవనులే కానక్కరలేదు. శాతవాహనుల బంట్లను, పలనాటి వీరులను, బొబ్బిలి కోటను చేయింపవచ్చును. కొలతలు పిల్లలచేత వేయించుడు, రంగులు పిల్లలచేత నూరించుడు. సైన్యముతోబాటు మూటలు మోసినవారిని, వంట వండినవారిని, గుఱ్ఱములకు గడ్డి కోసినవారిని కూడ చేయించుట మఱువకుడు. వారికెంత రంగు వేయవలెనో పిల్లలే నిర్ణయించుకొందురు. లక్క మాత్రము అందఱికిని పట్టింపవలెను.

నా యవన సేన ఆ గ్రామ పాఠశాలలో అద్దపు బీరువా నొకదానిలో నున్నది. ముందు ఎనిమిది వరుసల సిపాయిలు, ఎదుట ఎనమండుగురు విలుకాండ్రు, వెనుక ఏడుగురు సేవకులు, మొత్తము డెబ్బది తొమ్మిది బొమ్మలు. బీరువాకు తాళము వేయలేదు. పిల్లలు తీసి చూచి, మరల వారి వారి చోట్లలో నిలుపుచున్నారని అచ్చటి ఉపాధ్యాయులు వ్రాసినారు. ఈటెలు కొన్ని విఱిగినవట. కొబ్బరి ఈనెలకు మన జిల్లాలో కఱవు లేదు.